పీపా

ఆ ఏడు కార్తీకంలో బెర్తు దొరక్క
యారాడ కొండ అవతల పదకొండు రోజులు లంగరేసి ఉంది ఓడ.
నేను చాండ్లరు దగ్గర గుమస్తాని.
ఉల్లిపాయలు, బెండకాయలు, రెండు బస్తాల బంగాళాదుంపలు
లాంచీలో వేసుకెళ్ళి
తాడు నిచ్చెన కింద నిలబడి సంతకం తెచ్చుకునేవాణ్ణి.
ఓడ వంటవాడు అడెలీనో.
సంతకం పెట్టే గోళ్ళ చుట్టూ ఎప్పుడూ పిండి.

పన్నెండో సాయంత్రం ఒడ్డుకి దిగాడు,
చంకలో స్వెట్టరు చుట్టిన సీసాతో.
విశాఖలో స్వెట్టరేమిటయ్యా అని నవ్వితే
పురిటిబిడ్డ మొహం చూపించినట్టు
అంచు తొలగించి చూపించాడు.
లేబులు లేదు. వాళ్ళ నాన్న తొక్కిన ద్రాక్షట.

తొక్కడమంటే ఏమిటో
ఫిషింగ్ హార్బరు జెట్టీ మీదే చేసి చూపించాడు.
ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి
నా భుజమ్మీద ఒక చెయ్యి,
వల అల్లుతున్న సూరాడ తాతీలు భుజమ్మీద ఒక చెయ్యి
వేసి, ఎడమ కాలు, కుడి కాలు,
తొడల్లోతు ద్రాక్షలో ఉన్నట్టే
బరువుగా ఎత్తి, బరువుగా దించి.
రాతి తొట్టిలో ఊరి మగాళ్ళంతా వరసకట్టి
అర్ధరాత్రిదాకా అలా నడుస్తారట, ఎక్కడికీ వెళ్ళకుండా.
ఒకడు హార్మోనియాన్ని రొమ్ముకి కట్టుకుని వాయిస్తాడట.
కునుకొచ్చినవాణ్ణి పక్కవాడి భుజం మోస్తుందట.

గంపలు దించి చూస్తున్న ఆడవాళ్ళలోంచి
మైలపల్లి కాసులమ్మ అంది:
"ఓలమ్మో, కాళ్ళు కడుక్కున్నాడో నేదో అడుగు బావూ!"
అడిగాను, నాకున్న నాలుగు ముక్కల ఇంగ్లీషులో.
కడుక్కుంటాం, అన్నాడు నవ్వకుండా,
తొక్కేముందు.
తరవాత ఎంత కడిగినా పోదు,
పెళ్ళికైనా చావుకైనా పదిరోజులు అవే ఊదా కాళ్ళు.

"నిలబెట్టే మాటాడతారేటర్రా,
ఆ పీపా ఇటు దొర్లించండి, కూకుంటాడు"
అన్నాడు తాతీలు.

అడెలీనో చెయ్యి నా భుజమ్మీద బిగిసింది.
పీపా?
పీపా, అన్నాం.
పీపా! అని డీజిలు కారే ఆ ఇనప డ్రమ్ముని
మేనమామలా వాటేసుకున్నాడు.
వాళ్ళూళ్ళో ప్రతి ఇంటి నేలగదిలోనూ ఉంటుందట పీపా,
చెక్కది, గర్భిణిలా నడుం లావుది,
చలికాలమంతా ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే.
ఎన్ని వందల ఏళ్ళ కిందటో
ఏ పడవ మీంచో ఆ మాట మా రేవులో దిగింది.
లోపల సరుకు ఎవడు తాగేశాడో గానీ
మాకు ఖాళీ మాటే చేరింది.
కిరసనాయిలు పోసుకున్నాం, చేపనూనె పోసుకున్నాం,
తారు పోసుకున్నాం.

మార్టిను అనే సన్యాసి పండగనాడు
కొత్త పీపాకి మొదటి చిల్లు పొడుస్తారట.
నిప్పుల్లో ఏవో గింజలు కాల్చుకుని
పేలిన పెంకులు ఒలుచుకుంటూ తాగుతారట.
ఎప్పుడా పండగ?
ఈ రోజే, అన్నాడు.

కాసులమ్మ మాట్లాడలేదు.
వెళ్ళి తేగలు తెచ్చింది, అప్పుడే కాల్చినవి,
భీమిలి నించి మరిది తెచ్చిన ఈతకల్లు క్యాను తెచ్చింది,
తాటాకు దొప్పలు తెచ్చింది.

తాగేముందు అతను కాస్త నేలమీద ఒంపాడు.
వాళ్ళ నాన్న పోయింది ఆ వేసవిలోనేనట.
ఆ సంగతి నేనింకా తెలుగులోకి తేలేదు,
అప్పటికే కాసులమ్మ తన దొప్పలోంచి నాలుగు చుక్కలు
గంగమ్మకని సముద్రం వైపు జల్లేసింది.

"పులిసిపోనాది" అన్నాడు తాతీలు పెదాలు చప్పరిస్తూ.
ఇంకాస్త పొయ్యమని దొప్ప చాపాడు.
అడెలీనో కల్లుకి కళ్ళు మూసుకున్నాడు.
ఆ పైన ఎవరు ఏ భాషలో మాట్లాడారో చెప్పలేను.
వల మీద పదిమందిమి, భుజాల మీద చేతులు,
ఎడమ కాలు, కుడి కాలు.
ఆడవాళ్ళు ఒకటే నవ్వు.

మర్నాడు మా షావుకారు
ఉపవాసపు మొహంతో బిల్లుల పుస్తకం తిరగేసి
ఉల్లిపాయల లెక్క మీద
గ్లాసు అడుగంత ఊదా మచ్చ దగ్గర ఆగాడు.
ఏమిటిది?
నేరేడు పండండీ, అన్నాను.
కార్తీకంలోనా, అన్నాడు.